పొద్దు గుంకని దారిలో ఇద్దరు

జులై నెలలో జర్మనీలోని హాంబర్గ్ స్టేషన్‌కు వెళితే, ఉత్తరం వైపు వెళ్లే రైళ్ల దగ్గర వీపున సంచులు తగిలించుకున్న కుర్రకారుతో పాటు తల నెరిసిన జంటలూ కనిపిస్తాయి. ఆయన చేతిలో టికెట్లు, ఆవిడ చేతిలో తిండి సంచి. కొన్ని జంటల్లో అది అటూ ఇటూ అవుతుంది. ఈ వయసు వాళ్లలో కొందరికి రైలుతో పాత అనుబంధమే ఉంది. అంతర్జాతీయ రైల్వే సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1972లో ఐరోపా రైల్వేలు ఇంటర్‌రైల్ పాస్‌ను తెచ్చాయి. 21 ఏళ్ల లోపు వాళ్లు ఒకే టికెట్టుతో నెల రోజుల పాటు 21 దేశాలు తిరగవచ్చు. ఆ ఒక్క వేసవికే అనుకున్న ఏర్పాటది. జనం వదల్లేదు, అది ఆగలేదు. అప్పట్లో హోటలు ఖర్చు మిగుల్చుకోవడానికి రాత్రి రైళ్లలోనే నిద్రపోయిన ఆ పిల్లలకు ఇవాళ డెబ్బై దాటాయి. వయసు నిబంధన ఎన్నడో ఎత్తేశారు. అరవై దాటిన వారికి ఇప్పుడు రాయితీ కూడా ఉంది. స్నేహితులతో గోలగోలగా వెళ్లిన దారినే ఇన్నేళ్లకు ఆలుమగలుగా మళ్లీ వెళ్లడం ఎంత బాగుంటుందో!

హాంబర్గ్ నుంచి స్టాక్‌హోంకు విమానంలో గంటన్నర. రైల్లో అయితే పగలంతా పడుతుంది. వాతావరణం పాడవుతోందని, విమానాలు తగ్గించుకుందామని 2018 తర్వాత స్వీడన్‌లో చాలామంది గట్టిగా అనుకున్నారు. వాతావరణం కోసం ఉద్యమించిన అక్కడి అమ్మాయి గ్రేటా థన్‌బర్గ్ 2019లో దావోస్ సదస్సుకు స్టాక్‌హోం నుంచి రైల్లోనే వెళ్లింది. రైలెక్కడానికి అది గొప్ప కారణం, దానికి చేతులు జోడించాలి. అయితే ఇద్దరు మనుషులు ఒక కిటికీ పక్కన పగలూ రాత్రీ కూర్చుంటే వాళ్లకు దక్కేది ఇంకొకటి ఉంది. ఈ నాలుగు మాటలూ దాని గురించే.

పెళ్లయిన కొత్తలో కబుర్లకు చోటు వెతుక్కున్న ఇద్దరే, పాతికేళ్లు తిరిగేసరికి ఒకే ఇంట్లో చెరో డ్యూటీ చేస్తుంటారు. కరెంటు బిల్లు ఒకరిది, పాల లెక్క ఒకరిది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది ఒకరు, మందులు గుర్తు చేసేది ఒకరు. రోజంతా మాట్లాడుకుంటూనే ఉంటారు, ఆ మాటలన్నీ పనుల చుట్టూనే తిరుగుతుంటాయి. ప్రేమ ఎక్కడికీ పోలేదు, దానికి తీరిక దొరకడం లేదంతే. సెలవు పెట్టి ఊరు బయల్దేరినా అంతే, కారు నడిపేది ఒకరైతే దారి చూసి చెప్పేది ఇంకొకరు. రైలెక్కగానే ఈ పనులన్నిటినీ రైలే తీసుకుంటుంది. నడిపేవాళ్లు వేరే ఉన్నారు, దారి తప్పే భయం లేదు. చేతులు ఖాళీ అవుతాయి. మొదటి గంటా రెండు గంటలూ ఆ ఖాళీ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఫోన్లు తీస్తారు, సంచులు సర్దుతారు, తాళాలు వేశామా అని ఒకరినొకరు అడుగుతారు. ఆ తర్వాత మెల్లగా కిటికీ వైపు తిరుగుతారు.

అలా తిరగడానికి ఉత్తర ఐరోపాను మించిన చోటు లేదు. అక్కడి వేసవికి చీకటి తక్కువ. జూన్‌లో స్టాక్‌హోంలో రాత్రి పది దాటాక గానీ పొద్దు గుంకదు, మూడున్నరకల్లా మళ్లీ తెల్లారుతుంది. ఇంకా పైకి, ఆర్కిటిక్ వలయం దాటి కిరునా దాకా వెళితే మే చివరి నుంచి జులై నడుమ దాకా సూర్యుడు అస్తమించడు. డిసెంబరులో ఈ అప్పంతా తీరుస్తున్నట్టు అదే ఊళ్లో కొన్ని వారాలు ఉదయించడు. చలికాలపు చీకటిని అంతలా భరించినవాళ్లు వేసవి వెలుగును ఎంత భద్రంగా వాడుకుంటారో వాళ్ల చట్టమే చెబుతుంది. స్వీడన్‌లో ఉద్యోగికి ఏడాదికి కనీసం 25 రోజుల సెలవుంటుంది. అందులో నాలుగు వారాలు జూన్, జులై, ఆగస్టు నెలల్లో ఒక్క వరసన తీసుకునే హక్కూ ఉంది. పెళ్లిళ్లకు, తద్దినాలకు, ఆస్పత్రులకు తుంచి తుంచి వాడుకోగా సెలవులు అయిపోయే మనకు ఈ హక్కు విలువ ఇట్టే తెలుస్తుంది. ఆలుమగలిద్దరికీ ఒకేసారి నెల రోజులు తీరిక ఉండాలని ఒక దేశం చట్టం రాసుకోవడం నాగరికతకు పెద్ద గుర్తు.

హాంబర్గ్ నుంచి కోపెన్‌హాగెన్ వెళ్లే దారికి ఒక చరిత్ర ఉంది. 2019 డిసెంబరు దాకా ఆ రైలు ఓడెక్కేది. జర్మనీ చివర పుట్‌గార్డెన్ రేవు చేరాక, లారీలూ బస్సులూ నిలబడి ఉన్న ఓడ కడుపులోకి పట్టాల మీద మెల్లగా నడిచి వెళ్లేది. ప్రయాణికులంతా దిగి, ఇరుకు మెట్లెక్కి, పైన డెక్ మీదికి పోవాలి. ముప్పావు గంట సముద్రపు గాలి. అవతల డెన్మార్క్ గట్టు దగ్గరపడగానే పరుగున దిగి మళ్లీ ఎవరి సీట్లో వాళ్లు. 1963లో మొదలైన ఆ ఏర్పాటు ఇప్పుడు లేదు. రైళ్లు డెన్మార్క్‌లోని జట్లాండ్ మీదుగా చుట్టు తిరిగి వెళ్తున్నాయి. ఓడ తిరిగిన ఆ చోటే, ముందుగా పోతపోసిన కాంక్రీటు పెట్టెలను ఒక్కొక్కటిగా సముద్రం అడుగున దించి 18 కిలోమీటర్ల సొరంగం కడుతున్నారు. అది పూర్తయితే ఇప్పుడు అయిదు గంటలకు దగ్గరగా పట్టే ప్రయాణం రెండున్నర గంటలకు వస్తుంది. లక్షల మందికి మేలు చేసే పని. అయినా, డెక్ మీద గాలికి చీర కొంగో స్కార్ఫో పట్టుకుని పక్క మనిషిని ఆనుకుని నిలబడే ఆ ముప్పావు గంట కొత్త తరం జంటలకు దొరకదు కదా అని మనసు చివుక్కుమంటుంది.

కోపెన్‌హాగెన్ దాటి స్వీడన్‌లోకి వెళ్లేటప్పుడు 2000లో తెరిచిన ఓరెసుండ్ దారి వస్తుంది. విమానాశ్రయం పక్కనే ఉంది కనుక అక్కడ ఎత్తైన స్తంభాలు నిలబెట్టకూడదు, ఓడలకూ దారి విడవాలి. అందుకని రైలు ముందు సముద్రం కిందికి దిగి నాలుగు కిలోమీటర్ల సొరంగంలో పోతుంది. పెబర్‌హోమ్ అనే కట్టుడు దీవి మీద పైకి తేలుతుంది. అక్కడి నుంచి దాదాపు 8 కిలోమీటర్ల వంతెన, పై అంతస్తులో కార్లు, కింద రైలు. ఆ దీవిలో మనుషులు అడుగు పెట్టకూడదు, పరిశోధకులకు మాత్రమే అనుమతి. మొక్కలూ పక్షులూ వాటంతటవే వచ్చి స్థిరపడ్డాయి. వంతెన మీద దూలాల సందుల్లోంచి సముద్రం తళుక్కున మెరిసి మాయమవుతుంటుంది. "చూశావా?" అని ఒకరు అనేలోపు అది వెనక్కి పోతుంది. ఎదురెదురు సీట్లలో కూర్చున్నప్పుడు వెనక్కి తిరిగి కూర్చున్నవారికి అది ఇంకాసేపు కనిపిస్తుంది. వాళ్లు చూసి చెప్పాలి, ఎదుటివాళ్లు వినాలి. చాలా ఏళ్లుగా ఒకరికొకరు కొత్తగా చెప్పుకోవడానికి ఏమీ మిగలలేదనుకునే జంటకు, చెప్పవలసింది ఇలా నిమిషానికొకటి పుట్టుకొస్తుంది.

ఈ ప్రయాణంలో అసలైన భాగం స్టాక్‌హోం నుంచి ఉత్తరానికి వెళ్లే రాత్రి రైలు. నార్వే గట్టు మీద ఉన్న నార్విక్ దాకా 1,400 కిలోమీటర్లకు పైగా, పద్దెనిమిది పంతొమ్మిది గంటలు. సాయంత్రం బయల్దేరుతుంది. ఉప్సాలా, యావ్లే దాటాక అడవి మొదలవుతుంది. పైన్, స్ప్రూస్, బర్చ్, మధ్యలో ఒక సరస్సు, మళ్లీ అడవి. అడవి అంచుల్లో తెల్ల కిటికీల ఎర్ర చెక్క ఇళ్లు. ఆ ఎరుపు ఫాలున్ రాగి గని నుంచి వస్తుంది. రాగి తీయగా మిగిలిన మట్టితో చేసిన రంగు అది. కొయ్యను చలికీ తేమకూ పాడవకుండా కాపాడుతుంది. 1992లో ఆ గని మూతపడింది, రంగు మాత్రం ఇంకా ఇళ్లకెక్కుతూనే ఉంది.

రైలు గది చాలా చిన్నది. ఒకరు దుప్పటి పరుస్తుంటే ఇంకొకరు పైకి కాళ్లు ముడుచుకు కూర్చోవాలి. పై బెర్తుకు చిన్న నిచ్చెన ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న వయసులో ఎవరు ఎక్కాలన్నది ఒక చర్చ. "నేనెక్కుతాను, నువ్వు రాత్రి లేస్తావుగా" అంటారొకరు. ఆ ఒక్క మాటలో ఎన్నేళ్ల కాపురముందో! కిటికీకి మందపాటి తెర ఉంటుంది, దించితే చీకటి. దించరు. పదకొండయినా బయట పుస్తకం చదువుకునేంత వెలుగు. పన్నెండుకు ఆకాశం ఒక పక్క నారింజ రంగులో ఉంటుంది. అది అస్తమయపు చివరో ఉదయపు మొదలో తెలియదు. సరస్సుల మీద పొగమంచు కొద్దిగా లేస్తుంటుంది. "నిద్ర రావట్లేదా?" "నీకూ రావట్లేదుగా." ఆ తర్వాత మాటలు ఎక్కడి నుంచో వస్తాయి. ఎప్పుడో పోయిన అమ్మ గురించి, అమ్మేసిన పొలం గురించి, అప్పట్లో తీసుకోలేకపోయిన ఉద్యోగం గురించి. ఇంట్లో అయితే దీపం ఆర్పేశాక ఆ మాటలు ఆగిపోయేవి. చీకటి పడితే రోజు ముగిసినట్టే కదా, మిగిలింది రేపు చూసుకోవచ్చు. ఇక్కడ రోజు ముగియడం లేదు కనుక వాయిదా వేయడానికి సాకు లేదు.

కొన్ని బోగీల్లో నిశ్శబ్దం పాటించాలని రాసి ఉంటుంది. ఫోను మోగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. పగటి రైళ్లలో అలాంటి బోగీనే కోరి ఎక్కేవారుంటారు. వాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. గంటల తరబడి ఒక్క మాటా ఉండదు. ఒకరు పుస్తకం చదువుతుంటారు, మరొకరు బయటికి చూస్తుంటారు. కాఫీ కప్పు జరపడం, కళ్లజోడు అందించడం, చలిగా ఉందేమోనని కిటికీ పక్కవారి మీద కోటు వేయడం. అంతటి మౌనం కుదరడానికి ముందు ఎంతో మాట్లాడుకుని ఉండాలి.

పొద్దున ఆర్కిటిక్ వలయం దాటాక చెట్లు పొట్టివవుతాయి. కిరునాలో ప్రపంచంలోనే అతి పెద్ద భూగర్భ ఇనుప గనుల్లో ఒకటి ఉంది. గని లోతుకు పోయేకొద్దీ పైన నేల కుంగుతోంది, అందుకని ఊరికి ఊరే పక్కకు జరుగుతోంది. 1912లో కట్టిన చెక్క చర్చిని 2025 ఆగస్టులో చక్రాల బండ్ల మీద నిలువునా అయిదు కిలోమీటర్లు తీసుకెళ్లి కొత్త చోట పెట్టారు. 672 టన్నుల బరువు, రెండు రోజుల నడక. ప్రయాణికులు ముచ్చటపడే ఈ రైలు దారి ఆ గని కోసం పుట్టిందే. స్వీడన్ వైపు రేవైన లూలియో చలికాలంలో గడ్డకడుతుంది. నార్విక్ మాత్రం అంత ఉత్తరాన ఉండీ అట్లాంటిక్ వెచ్చటి ప్రవాహం వల్ల గడ్డకట్టదు. కొండలు తొలిచి అక్కడికి పట్టాలు వేశారు, 1903లో రాజు ఆస్కార్ ప్రారంభించాడు. ఇప్పటికీ 68 వ్యాగన్లతో, 8 వేల టన్నులకు పైగా ఖనిజంతో రైళ్లు అదే దారిలో దిగుతుంటాయి. ఆ దిగుడులో బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటు తీగల్లోకి తిరిగి వెళ్లి, ఖాళీ రైళ్లు కొండెక్కడానికి సాయపడుతుంది.

తెలుగువారికి ఈ కథ పరాయిది అనిపించదు. బైలదిల్లా ఇనుము విశాఖ రేవుకు చేరి జపాన్‌కు ఓడెక్కడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను మీదే కదా మనం అరకు చూడటానికి వెళ్తున్నాం. అద్దాల బోగీలో కూర్చుని సొరంగాలకు కేరింతలు కొడుతున్నప్పుడు, ఆ కొండల్లో రాయి పగలగొట్టిన చేతులు గుర్తుకు రావాలి. అక్కడా అంతే. కిరునా నుంచి నార్విక్ వెళ్లే దారిలో అబిస్కో దాటాక సరస్సు ఒడ్డున టోర్నెహామ్న్ దగ్గర తెల్ల శిలువలతో చిన్న శ్మశానం ఉంది. లైను వేస్తూ రోగాలకు, ప్రమాదాలకు పోయిన కూలీలది. వాళ్లకు వండిపెట్టిన ఒక వంటమనిషి గురించి ఆ ప్రాంతంలో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆమెదని చెప్పే సమాధి అక్కడే ఉంది. ఆ నేల మీద అంతకుముందు నుంచీ రెయిన్‌డీర్లు మేపుకునే సామీ ప్రజల దారులను ఈ పట్టాలు కోసుకుంటూ వెళ్లాయి. చలికాలంలో మోకాటి లోతు మంచులో నడవలేక రెయిన్‌డీర్లు మంచు తీసిన పట్టాల మీదికి వస్తాయి, రైళ్ల కింద పడతాయి. కిటికీలోంచి మంద కనబడగానే ఫోటో తీసుకునే మనం ఇది తెలుసుకునే తీసుకోవాలి.

నార్విక్‌తో ఆ పట్టాలు ఆగిపోతాయి. నార్వే మిగతా రైళ్లతో వాటికి కలయిక లేదు. బస్సులో దక్షిణానికి వచ్చి ఫౌస్కే దగ్గర నూర్లాండ్ లైను అందుకోవాలి. బూదో నుంచి ట్రోండ్‌హైమ్‌కు 729 కిలోమీటర్లు. సాల్ట్‌ఫియెల్లెట్ పీఠభూమి మీద, చెట్టన్నది లేని చోట, ఆర్కిటిక్ వలయాన్ని గుర్తుగా చెప్పే రాతి గోపురాలు పట్టాల పక్కన కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వేను ఆక్రమించిన జర్మన్లు ఈ లైను పనిలోకి వేలాది సోవియట్, యుగోస్లావ్ యుద్ధ ఖైదీలను దించారు. చలికి, ఆకలికి, దెబ్బలకు ఎందరో చచ్చిపోయారు. యుద్ధం ముగిశాక నార్వే మిగిలిన పని పూర్తి చేసుకుని 1962లో బూదో దాకా రైలు తెచ్చింది. ఆ పీఠభూమి మీద రైలు వెళ్తుంటే పక్క మనిషి చెయ్యి పట్టుకోవాలనిపిస్తుంది. ఇళ్లకు తిరిగిపోలేని ఆ ఖైదీల కోసం ఎదురుచూసిన భార్యలుంటారు. మనం ఇద్దరం కలిసి ఇంత సుఖంగా ఈ దారిన వెళ్తున్నామన్న ఎరుకలో కృతజ్ఞత ఎంతో, బరువూ అంతే.

నార్వేలోనే ఓస్లో నుంచి బెర్గెన్ వెళ్లే 1909 నాటి లైను గురించి అందరూ రాశారు. 1,222 మీటర్ల ఎత్తున ఫిన్సే స్టేషన్ ఉంది. దానికి రోడ్డు లేదు, జులైలో కూడా మంచు కనబడుతుంది. మిర్డాల్ దగ్గర దిగి ఫ్లోమ్ లైను ఎక్కితే 20 కిలోమీటర్లలో 866 మీటర్ల నుంచి సముద్రపు అంచుకు దిగిపోతారు. ఇరవై సొరంగాల్లో పద్దెనిమిది మనుషులు చేత్తో తొలిచినవే. మధ్యలో షోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర రైలాపి అందరినీ దింపుతారు. అందమైనదే, జనమూ ఎక్కువే.

ఇద్దరికే అయితే దానికన్నా స్వీడన్ నడుమ నుంచి పోయే ఇన్‌లాండ్స్‌బానన్ లైను మేలు. 1937లో పూర్తయిన ఆ లైను మీద వేసవిలో చిన్న డీజిల్ రైలు నడుస్తుంది. ఎస్టర్‌షుండ్ నుంచి యెల్లివారె దాకా పొద్దంతా పడుతుంది. భోజనానికి ఏం కావాలో రైల్లోనే అడిగి ముందు ఊరికి చెబుతారు, అక్కడ రైలాపి అందరూ కలిసి తింటారు. ఆర్కిటిక్ వలయం దగ్గర తెల్ల రంగు వేసిన రాళ్ల పక్కన దిగి కాసేపు నిలబడనిస్తారు. పట్టాల మీద రెయిన్‌డీర్లుంటే అవి తప్పుకునే దాకా రైలు ఆగుతుంది, ఎవరూ విసుక్కోరు.

స్టాక్‌హోం, గోథెన్‌బర్గ్, కోపెన్‌హాగెన్, హెల్సింకీ నగరాల్లో సాఫ్ట్‌వేర్, టెలికాం ఉద్యోగాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వేసవిలో అక్కడికి ఇక్కడి నుంచి అమ్మానాన్నలు వెళ్తారు. షెన్‌గెన్ వీసా 90 రోజులు. ఆ రోజుల్లో ఎక్కువ భాగం మనవల పనికీ వంటింటికీ పోతుంది. శనాదివారాలు పిల్లలు కార్లో ఎక్కించుకుని నాలుగు చోట్లు చూపిస్తారు. పిల్లల ప్రేమకు వంక పెట్టలేం. అయితే వెనక సీట్లో కూర్చుని చూపించినవి చూడటంతోనే వాళ్ల ప్రయాణం అయిపోకూడదు. అరవై ఏళ్లు వచ్చే దాకా ఆ ఇద్దరూ వాళ్ల కోసమని ఎక్కడికీ వెళ్లి ఉండరు. తీర్థాలకు వెళ్లినా వెంట చుట్టాల బలగం ఉండేది.

వాళ్లను ఒక్కసారి వాళ్లిద్దరినే రైలెక్కించండి. భయపడేదేమీ లేదు. తర్వాతి స్టేషన్ పేరు బోగీలో తెర మీద పడుతుంది, టికెట్లు చూసేవాళ్లకు ఇంగ్లిషు వచ్చు, ఫోన్ పక్కనే ఉంటుంది. అక్కడ నివసించే పిల్లలకైతే ఇంటర్‌రైల్ పాస్, ఇక్కడి నుంచి వెళ్లిన పెద్దలకు యూరెయిల్ పాస్. బెర్తుకు విడిగా రిజర్వేషన్ చేయాలి, ఆ సంగతి మరవకండి. ఇద్దరికే సరిపడే గది దొరికితే అదే తీసుకోండి. అక్కడి కొట్లలో ఫిల్‌మ్యోల్క్ అని అట్టపెట్టెల్లో అమ్మే పులిసిన పాలు మన పెరుగుకు దగ్గరగా ఉంటాయి, అన్నంలో కలిపి డబ్బాలో పెట్టివ్వండి. సందుల్లో చలిగాలి కొడుతుంది, శాలువాలు పైనే ఉంచండి. గంటగంటకూ ఫోన్ చేసి ఎక్కడున్నారని అడగకండి. జూన్, జులై బెర్తులు ముందే నిండిపోతాయి, వాళ్ల విమానం టికెట్లు తీసుకున్న రోజే ఇవి కూడా తీసుకోండి.